అయిదు గాట్లు

కువైట్‌కి టైల్స్ పనికో మార్బుల్ పనికో పోయే కుర్రవాళ్ళు వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పమంటారు. అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు జాగ్రత్త, ఎండ జాగ్రత్త అని చెబుతానని వాళ్ళ ఉద్దేశం. అవి చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. నేను చెప్పేది ఒకటే మాట. కంటికి కనబడ్డ ప్రతి గుంటనీ పూడ్చకండి అంటాను. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, ముసలాయనకి మతి చలించిందనుకుని, టీ తాగి వెళ్ళిపోతారు. అందుకే ఈసారి కథంతా కాగితం మీద పెడుతున్నాను. చదివాక నవ్వుకున్నా ఫరవాలేదు, నేనే నవ్వుకుంటున్నాను.

మాది కడప పక్క నాపరాయి గనుల ఊరు. మా నాయన బండలు తీసి గడపలు, బావి మెట్లు చెక్కేవాడు. పదిహేనేళ్ళు వచ్చేసరికి నా చేతికీ ఉలి వచ్చింది. తరవాత గనుల్లోకి మిషన్లు దిగాయి, నేను కువైట్‌లో దిగాను. ఇరవై ఏళ్ళు అక్కడ నా పని పాలరాయి పలకలు గోడలకీ నేలకీ బిగించడం. షుఐబాలో ఆఫీసుల దగ్గర్నుంచి సముద్రం ఒడ్డున విల్లాల దాకా నేను పరచని చోటు లేదని ఫహాహీల్‌లో మేముండే రూములో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. 

ఆ పని ఎలాంటిదంటే, అంతా అయ్యాక ఇంజినీరు టార్చిలైటు పట్టుకుని వస్తాడు. గోడవారగా వెలుతురు వేసి చూస్తాడు. గోరంత గీత కనబడితే పలక మొత్తం పీకిస్తాడు. ఇలా ఓ పాతిక పలకలు పీకించుకున్నాక ఎవడికైనా బుద్ధి వస్తుంది. నాకు మరీ ఎక్కువగా వచ్చింది. జేబులో ఎప్పుడూ చిన్న లప్పం కత్తి పెట్టుకు తిరిగేవాణ్ణి. గీత కనబడితే చాలు, ఇంజినీరు చూసేలోపల లప్పం పెట్టి, తుడిచి, పలక రంగులో కలిపేసేవాణ్ణి. ఫినిషింగ్‌లో నా అంతవాడు కంపెనీలో లేడని అందరూ అనేవారు. వాళ్ళు అనకపోతే నేనే అనిపించేవాణ్ణి.

నా యాభై ఒకటో ఏట మోకాళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. సరిగ్గా అప్పుడే కంపెనీ నన్నూ, ఇంకో వడ్రంగినీ ఒక మ్యూజియం పనికి మూడు నెలలు అరువుగా పంపింది. ఒక కువైటీ పెద్దాయన తన ఇంటి పక్కనే కట్టించుకున్న మ్యూజియం అది. ఇంట్లో పనివాళ్ళంతా ఆయన్ని బాబా అనేవారు కాబట్టి మేమూ బాబా అన్నాం. వడ్రంగిది గోదావరి జిల్లా, క్రైస్తవుడు, నాకంటే రెండేళ్ళు చిన్న. నన్ను గురువుగారూ అని పిలిచేవాడు. అందులో గౌరవమెంతో వెక్కిరింపు ఎంతో ఈనాటికీ నాకు తేలలేదు.

మా పైన ఒక మేడమ్ ఉండేది. యూరప్ నుంచి వచ్చింది, ఆమె చదువంతా పాత రాళ్ళకి వైద్యం చెయ్యడం. హిందీ నాలుగు ముక్కలు, ఇంగ్లీషు, చేతులు, ఈ మూడూ కలిపి మాట్లాడేది. మొదటిరోజే మా ముందు ఒక పెట్టె తెరిపించింది. అందులో సున్నపురాయి ముక్కలు ఆరు ఉన్నాయి. పదిహేనువందల ఏళ్ళ కిందట ఈజిప్టులో ఏ క్రైస్తవ మఠం గోడలోనో గూటి మీద కమానుగా నిలబడినవట. బాబా తండ్రి కాలం నుంచీ ఇంట్లోనే ఉన్నాయట. రాళ్ళ నిండా ద్రాక్షతీగ. తీగ మెలికకో గుత్తి, గుత్తి పక్కన ఆకు. ఒక రాయి మీద చిన్న పిట్ట మెడ సాచి పండు పొడుస్తోంది. ఒక్క రాయి మొహం మాత్రం బాగా అరిగిపోయి, దాని మీద ఏముండేదో ఎవరికీ తెలియడంలేదు.

మా వడ్రంగి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ద్రాక్షావల్లండీ ఇది. ప్రతి ఆదివారం మా పాస్టరుగారు చెప్పేదే. చెక్కినోడి చెయ్యి బంగారం కానండీ," అన్నాడు. నేను మాత్రం ఉలి పట్టిన కోణం చూశాను. రాతిని లోపలికంటా తొలిచి, ఆకు వెనక నీడ పడేలా చేశాడు. పాలరాయి పలకలు అతికించీ అతికించీ నేను మరిచిపోయిన పని అది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కమానుకి మొత్తం ఏడు రాళ్ళు, ఆరు దొరికాయి, ఒకటి పోయింది. ఎవరో పెద్ద ప్రొఫెసరు వేసిన బొమ్మ ప్రకారం పోయింది నడినెత్తిన ఉండే రాయి. ఆ ఒక్కదాన్నీ నేను కొత్త సున్నపురాయితో చెక్కాలి. దాని మీద తీగలూ పిట్టలూ ఏమీ ఉండకూడదు, సాదాగా ఉండాలి, కొత్తది పాతదని జనం మోసపోకూడదని మేడమ్ గట్టిగా చెప్పింది. కమాను చక్కగా నిలబడితే బాబాతో మాట్లాడి, మా కంపెనీ నన్ను వదిలేస్తున్నట్టు రిలీజ్ కాగితం తీసుకుని, నన్ను ఆ మ్యూజియం వర్క్‌షాపులోనే పెట్టుకుంటానని కూడా చెప్పింది. ఏసీ గది, కూర్చుని చేసే పని. ఆగస్టు ఎండలో పరంజా ఎక్కే మోకాళ్ళకి ఆ మాట ఎంత తీయగా ఉంటుందో ఎక్కినవాడికే తెలుస్తుంది. అప్పటి నుంచీ నా మనసంతా ఆ రిలీజ్ మీదే.

మేడమ్‌కి ఒక చాదస్తం ఉండేది. అతికించింది రేపు ఊడదీయాలంటే ఊడిరావాలి, ఊడిరాని వస్తువేదీ ఆ గదిలోకి రాకూడదు. నా రెసిన్ జిగురు డబ్బా మొదటిరోజే బయట పెట్టించింది. మా పనిలో ఊడొస్తే తిట్లు, ఆవిడ పనిలో ఊడిరాకపోతే తిట్లు. ఇదేం చదువో అని మేమిద్దరం తెలుగులో నవ్వుకునేవాళ్ళం. కానీ ఆ చాదస్తమే తరవాత నా పరువు కాపాడింది.

ఒకరోజు మేడమ్ ఏవో కాగితాల పని మీద బయటికి వెళుతూ, రాళ్ళ పక్కలు మెత్తటి బ్రష్షుతో దులిపి పెట్టమని నాకు చెప్పింది. రాయికి రాయి ఆనే పక్కలవి, మట్టి అట్టకట్టి ఉన్నాయి. దులుపుతుంటే ఒక్కో రాతి పక్కన చిన్నచిన్న గాట్లు బయటపడ్డాయి. ఒకదానికి ఒకటి, ఇంకోదానికి మూడు. ఎత్తి దించడంలో ఎక్కడో దెబ్బతిన్నాయనుకున్నాను. దెబ్బ కనబడగానే నా చెయ్యి జేబులోకి పోయింది.

రెసిన్ లేదు కాబట్టి మేడమ్ నానబెట్టుకున్న సున్నం గిన్నెలోంచి ఇంత తీసి, రాతిపొడి కలిపి, రంగు కుదిరేదాకా నాలుగుసార్లు ఆరబెట్టి చూసి, ఆరు రాళ్ళ గాట్లూ పూడ్చేశాను. సాయంత్రానికి అక్కడ గాటు ఉండేదని దేవుడు చెప్పినా ఎవరూ నమ్మరు. వడ్రంగికి చూపించాను. అతను వేలితో తడిమి, "పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసేశారండీ. ఆవిడకి చెప్పారా మరి?" అన్నాడు. మంచి ఫినిషింగ్‌కి చెప్పాల్సిన పనేముంది, చూసి ఆవిడే మెచ్చుకుంటుందన్నాను. ఆవిడ మెచ్చుకోలేదు. కనబడితే కదా మెచ్చుకోవడానికి.

మూడు వారాల తరవాత ఒక గురువారం కమాను నిలబెట్టడం మొదలుపెట్టాం. వచ్చే బుధవారం మ్యూజియం తెరుస్తున్నారు, బాబా ఊళ్ళో పెద్దలందరినీ పిలిచాడు. కమాను వంపుకి సరిపడా వడ్రంగి చేసిన చెక్క ఫర్మా మీద ఎడమ నుంచి మూడు రాళ్ళు పేర్చాం, మధ్యలో సీసం రేకులు పెట్టాం. అవి దర్జాగా కూర్చున్నాయి. తరవాత కుడి నుంచి రెండు. వాటి మీద, బొమ్మలో చూపించిన చోట, అరిగిన రాయి పెట్టేసరికి కథ అడ్డం తిరిగింది. కింద ఆనుతోంది, పైన వేలు దూరేంత సందు. అటు తిప్పినా అంతే, ఇటు జరిపినా అంతే. నెత్తిన నేను చెక్కిన కొత్త రాయి అసలు పట్టనే లేదు. కొలతల ప్రకారమే చెక్కానని మూడుసార్లు టేపు పెట్టి చూపించాను. టేపు నా పక్షాన ఉంది, కమాను లేదు.

అప్పుడే మా కంపెనీ ఫోర్‌మాన్ వచ్చాడు. పని ఎప్పుడవుతుందని అడగడం తప్ప వేరే పని తెలియని మనిషి. చూసి, గ్రైండర్ తెచ్చి నా చేతిలో పెట్టి, "దో మిల్లీ నికాల్ దో, ఖలాస్," అన్నాడు. పాత రాయి పక్కన కాస్త అరగదీస్తే ఎవడికి తెలుస్తుందని అతని వాదన. నిజం చెబుతున్నాను, నాకూ అది తప్పనిపించలేదు. ఇరవై ఏళ్ళలో ఎన్ని పలకలు అరగదీశానో. ప్లగ్గు కూడా పెట్టాను. మేడమ్ వచ్చి నాకూ రాతికీ మధ్య నిలబడింది. గ్రైండర్ మోగితే తను ఉద్యోగం మానేసి వెళ్ళిపోతానని ఫోర్‌మాన్‌తో చెప్పింది. శనివారం దాకా ఆలోచిస్తానంది. దారి దొరక్కపోతే కమాను మానేసి, ఆరు రాళ్ళూ బల్ల మీద వరసగా పెట్టి చూపిస్తుందట. అంటే నా రిలీజ్ కూడా బల్ల మీదికే.

శుక్రవారం మా ఆవిడ ఫహాహీల్ వచ్చింది. ఆమె హవల్లీలో ఒక ఇంట్లో వంట చేసేది. రెండు వారాలకోసారి సెలవు దొరికితే బస్సెక్కి వచ్చేది. సముద్రం ఒడ్డున కూర్చుని, తెచ్చిన చిత్రాన్నం విప్పి, నా వైపు చూసింది.

"ఏందిట్లా మొగం పెట్టుకోనుండావు?"

చెప్పాను. ఇసకలో కమాను గీసి, ఏడు రాళ్ళూ గీసి, ఎక్కడ సందు వస్తోందో చూపించాను. ఆమె ముద్ద నములుతూ కాసేపు చూసింది.

"అదిసరే, ఆ చెక్కినోళ్ళు యాడో గనికాడ చెక్కి, యాడో గుడికాడికి తోలింటారు గదా. ఏ రాయి ముందో ఏ రాయి యెనకో ఆడ నిలబెట్టేటోళ్ళకు ఎట్ల తెల్సింటాది?"

"దాందేముంది," అన్నాను. "మా నాయన బావిమెట్లు బండికెత్తేటప్పుడు పక్కన గాట్లు కొట్టేటోడు. మొదటి మెట్టుకు ఒగటి, రెండోదానికి రెండు..."

ఆమె ఇంకా నా వైపే చూస్తోంది. మా నాయన కొట్టిన గాట్లు చిన్నప్పుడు నేను లెక్కపెట్టి మెట్లు అందించినవాణ్ణి. ఒకటి, రెండు, మూడు అని నాకు అంకెలు వచ్చిందే ఆ గాట్ల మీద. అలాంటివాణ్ణి, కళ్ళెదురుగా గాట్లు కనబడితే, దెబ్బలనుకుని లప్పం పెట్టాను. నాయన బతికుంటే సమ్మెట కర్ర విరిగేదాకా కొట్టేవాడు, కొట్టినా తప్పులేదు.

లప్పం సంగతి ఆమెకి చెప్పేశాను. మేడమ్‌కి చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అడగకుండా పాత రాతి మీద చెయ్యి వేసినవాణ్ణి ఏ మ్యూజియం పెట్టుకుంటుంది? రిలీజ్ సంగతి దేవుడెరుగు, కంపెనీ వాళ్ళు ఇఖామా క్యాన్సిల్ కొట్టి విమానం ఎక్కించినా అడిగే దిక్కు లేదు. చెప్పకపోతే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అంత బాగా పూడ్చాను మరి.

"పోయి చెప్పు," అంది మా ఆవిడ. "మా ఇంటి యజమానురాలు, ఆ మామాది, అద్దం గిన్నె పగిలిన దినం నేను దాచిపెట్టినానా? నా నోటితోనే చెప్పినా. రెండు దినాలు మాట్లాడల్యా. మూడోదినం ఖలాస్. దాచింటే ఈ పొద్దుటిదాకా ఆ గిన్నె నా కడుపులోనే ఉండేది." అని, మిగిలిన చిత్రాన్నం నా డబ్బాలో పెట్టి మూత బిగించింది. ఇక ఆ విషయం మీద చర్చ లేదని అర్థం.

శనివారం పొద్దున్నే వెళ్ళి మేడమ్‌కి చెప్పాను. హిందీలో సగం, చేతులతో సగం. అర్థమయ్యేసరికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక తిట్టింది. ఏ భాషో తెలియదు గాని తిట్లని తెలుస్తూనే ఉంది. చాలాసేపు తిట్టి, బయటికి వెళ్ళిపోయింది. నేను తల వంచుకుని లప్పం కత్తి బల్ల మీద పెట్టాను. వడ్రంగి దాన్ని తీసి తన జేబులో వేసుకున్నాడు. "ఇది నా దగ్గరుంటుందండీ. మీ చేతికి దురద," అన్నాడు. ఆ పరిస్థితిలో కూడా నాకు నవ్వొచ్చింది.

మేడమ్ తిరిగి వచ్చింది. ఏం పెట్టి పూడ్చావని అడిగింది. మీ సున్నమే అన్నాను. రెసిన్ కాదు కదా అని రెండోసారి అడిగింది. ఒట్టు అన్నాను. అప్పుడు కుర్చీలో కూలబడి, దేవుణ్ణి తలుచుకుందో నన్ను తిట్టిందో గాని, దూదీ నీళ్ళ గిన్నే తెచ్చి నా ముందు పెట్టింది. పూడ్చినవాడే తీయాలంది. ఇనుము తగలకూడదంది. వడ్రంగి వెదురు పుల్లలు సన్నగా చెక్కి ఇచ్చాడు. 

ఆ రెండు రోజులూ నా జీవితంలో నేను చేసిన అన్నిటికంటే నెమ్మదైన పని. తడిపి, ఆగి, పుల్లతో గింజంత సున్నం తీసి, మళ్ళీ తడపడం. నా ఫినిషింగ్ ఎంత గట్టిదో నాకే తెలిసొచ్చింది. మొదటి రాతికి రెండు గాట్లు వచ్చాయి. రెండోదానికి ఒకటి. తరవాత మూడు, ఏడు, ఆరు. గాట్లు బయటపడ్డకొద్దీ వడ్రంగి పైకి లెక్కపెడుతున్నాడు, మేడమ్ వెనక నిలబడి ఫొటోలు తీస్తోంది. అవన్నీ ప్రొఫెసరు బొమ్మలో ఉన్న చోట్లకే సరిపోయాయి. చివరికి మిగిలింది అరిగిన రాయి. బొమ్మ ప్రకారం అది అయిదో రాయి, కుడిపక్కది.

ఒకటి వచ్చింది. రెండు, మూడు, నాలుగు. అయిదోదాని కోసం అరగంట వెతికాను. రాతిని తడిపాను, ఆరబెట్టాను, వేలితో తడిమాను. లేదు. 

"నాలుగేనండీ," అన్నాడు వడ్రంగి. "గురువుగారూ, ఏడింట్లో నాలుగంటే నడినెత్తికదండీ."

పోయింది నెత్తి మీది రాయి కాదు, దాని పక్కన అయిదోది. మొహం అరిగిందని ఎవరూ పట్టించుకోక పక్కకి నెట్టిన రాయే నెత్తిన ఉండాల్సింది. గ్రైండర్ పెట్టి ఉంటే పక్కతో పాటు ఆ నాలుగు గాట్లూ దుమ్మై పోయేవి.

సోమవారం అరిగిన రాయిని నెత్తి మీదికి ఎత్తాం. ఫర్మా మీదికి దించుతుంటే దానంతటదే జరుగుతూ పోయి, మూడో రాయి పక్కన ఆనింది. నేను సందులో కాగితం దూర్చి చూశాను, దూరలేదు. మేడమ్ గదిలో దీపాలు ఆర్పించి, ఒక్క దీపం మాత్రం పక్కవాటుగా పట్టుకుంది, అచ్చం మా ఇంజినీరు టార్చి వేసినట్టే. అరిగిన మొహం మీద నీడలు పడ్డాయి. సగం చక్రం కనబడింది. ఆకులతో అల్లిన దండ. అటుపక్క తీగా ఇటుపక్క తీగా పాకి పాకి ఆ దండ వైపే వస్తున్నాయి. పిట్ట కూడా ఇన్నాళ్ళూ అటే చూస్తోంది, మాకు తెలియలేదు అంతే. మేడమ్ ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. వడ్రంగి ఏదో పాట అందుకున్నాడు. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది, మోకాళ్ళు ఊరుకోలేదు.

అట్టతో కొలత తీసుకుని అయిదో రాయిని మళ్ళీ కొత్తగా చెక్కాను. సాదా రాయి, ఒక్క పూవు లేదు. అయినా అంత ఇష్టంగా చెక్కిన రాయి నా చేతుల మీదుగా ఇంకోటి పోలేదు. బిగించే ముందు మేడమ్ దగ్గరికి వెళ్ళి ఒక సంగతి అడిగాను. అప్పటికి అడగడం నేర్చుకున్నాను. ఆవిడ ఆలోచించి, నవ్వి, సరే అంది. నేను పని చేస్తుంటే పక్కనే నిలబడి, అయ్యాక వేలు పెట్టి లెక్కపెట్టుకుని మరీ వెళ్ళింది. 

మంగళవారం మధ్యాహ్నం బాబా వచ్చాడు. కర్ర పట్టుకుని కమాను ముందు చాలాసేపు నిలబడి, ప్రొఫెసరు బొమ్మలో ఇలా లేదే, దీన్ని కనిపెట్టిందెవరని అడిగాడు. మేడమ్ నా వైపు చూపించింది. పక్కనే ఉన్న ఫోర్‌మాన్, తను మొదటే అనుకున్నానని అన్నాడు. మేడమ్ లప్పం సంగతి ఎత్తలేదు. అక్కడితో నోరు మూసుకుని ఉండొచ్చు. కానీ అద్దం గిన్నె గుర్తొచ్చింది. నాకొచ్చిన అరబీలో, కనిపెట్టింది నేనే, అంతకుముందు కనబడకుండా చేసిందీ నేనే అని చెప్పాను. పుల్లా సున్నం అభినయించి చూపించాను కూడా. బాబా కర్ర నేలకి ఆనించి నన్ను ఎగాదిగా చూశాడు. నా రిలీజ్ గాలిలో కలిసిందనే అనుకున్నాను. తరవాత ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక మేడమ్‌తో ఏదో అని వెళ్ళిపోయాడు. ఇతన్ని ఇక్కడే ఉంచు, బయట వదిలితే ఇంకెవరి రాళ్ళు పూడుస్తాడో అన్నాడట.

అలా నా రిలీజ్ వచ్చింది. ఆ వర్క్‌షాపులో తొమ్మిదేళ్ళు పనిచేసి ఇంటికి వచ్చాను. లప్పం కత్తి మా వడ్రంగి తిరిగి ఇవ్వనేలేదు, ఇప్పటికీ అతని దగ్గరే ఉందట.

కుర్రవాళ్ళారా, ఏ కట్టడమూ ఎల్లకాలం ఉన్నచోట ఉండదు. ఆ కమాను కూడా ఎప్పుడో దించుతారు. దించేది మీరు కావచ్చు, మీ పిల్లలు కావచ్చు, మన కడప మనుషులు కువైట్‌లో లేని రోజు వస్తుందని నేననుకోను. నెత్తికి కుడిపక్క ఉన్న సాదా రాయి ఎత్తి, దాని పక్కన చూడండి. వరసగా, సమానంగా, మా నాయన నేర్పినట్టు కొట్టిన అయిదు గాట్లు ఉంటాయి. అవి దెబ్బలు కావు. లెక్కపెట్టుకుని, రాతిని దాని చోటనే పెట్టండి. లప్పం మాత్రం జేబులోనే ఉంచండి.